పుట్టగొడుగు మొలిచే బీడు: మీ ఊరి మేత నేలలో ఏడాది పాటు లెక్క రాసే పద్ధతి

"పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి" అనే మాట తిరుపతి చుట్టుపక్కల ఎక్కువగా వినబడేది వెంచర్ల గురించే. చంద్రగిరి వైపు, రేణిగుంట వైపు, పుత్తూరు రోడ్డులో రాళ్లు పాతి సున్నం కొట్టిన ప్లాట్లు చూస్తూనే ఉన్నాం. వాటిలో చాలావాటి కింద ఒకప్పుడు గొర్రెలు మేసిన బీళ్లున్నాయి. నిజం పుట్టగొడుగులు మొలిచింది ఆ బీళ్లలోనే. ఇప్పుడు మాట మిగిలింది, గొడుగులు కరువైపోతున్నాయి.

పుట్ట మీద మొలిచే గొడుగు కాబట్టి పుట్టగొడుగు. మా అవ్వ పుట్టకొక్కు అనేది. నోట పెట్టకూడనిదైతే "అది కుక్కగొడుగురా" అని కాలితో తన్నేసేది. చెదలకూ ఆ గొడుగుకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుని ఫ్రాన్సు శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఆ జాతికి టెర్మిటోమైసెస్ అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని దానర్థం. మన ఊళ్లలో ఆ పేరు అంతకు ఎన్నో తరాల ముందే ఉంది.

ఇది పుట్టగొడుగులు పెంచే పద్ధతి కాదు, ఏరి వండుకునే పద్ధతి అసలే కాదు. ఇందులో ఉన్న ఏ గుర్తునూ నమ్ముకుని ఏదీ తినొద్దు. మీ ఊరి మేత పోరంబోకులోనో, చెరువు కట్ట వెనక బీడులోనో ఏ శిలీంధ్రాలున్నాయో ఏడాది పాటు రాసి, ఆ లెక్కను ఊరి రికార్డులోకి ఎక్కించడం ఇక్కడి పని. దానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక ఫోను, వానాకాలంలో వారానికి ఒక పొద్దు చాలు.

ముందు ఒక చిన్న కథ, మనది కాదు, దూరదేశానిది. ఐరోపాలో ఎరువు పడని పాత పచ్చికల్లో వాక్స్‌క్యాప్ అనే పుట్టగొడుగులు మొలుస్తాయి. ఎరుపు, పసుపు, గులాబీ రంగుల్లో, మైనం పూసినట్టు మెరుస్తూ ఉంటాయి. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో 1930ల తర్వాత యాభై ఏళ్లలోనే అలాంటి పల్లపు పచ్చికలు 97 శాతం పోయాయి. కొంత దున్నేశారు, కొంత యూరియా చల్లి మేత పెంచారు, కొంత చెట్లు నాటారు. ఆ పుట్టగొడుగులు బలహీనమైన నేలకు అలవాటుపడ్డవి. నత్రజని పడితే గడ్డి ఏపుగా ఎదుగుతుంది, ఇవి కనుమరుగవుతాయి. ఎరువు ఆపినా తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. 2025 మార్చిలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) రెడ్ లిస్టులోని శిలీంధ్రాల సంఖ్య 1,300కు చేరింది. వాటిలో కనీసం 411 అంతరించే ముప్పులో ఉన్నాయి. 91 జాతులకు ఎరువుల నుంచీ ఇంజన్ల పొగ నుంచీ వచ్చే నత్రజని, అమ్మోనియాలే ముప్పు. శాస్త్రం పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు 1 లక్షా 55 వేలు. అంటే నూటికి ఒక్కదాని పరిస్థితి కూడా ఇంకా తూచి చూడలేదన్నమాట.

అక్కడ వాక్స్‌క్యాప్‌లు ఆ జాబితాకెక్కింది పల్లెల్లో మామూలు మనుషులు ఏళ్ల తరబడి పచ్చికల్లో తిరిగి రాసిపెట్టడం వల్ల కూడా. మనం చేయబోయేది అదే పని. మన బీడుకు తగ్గట్టు చేస్తాం, అంతే తేడా.

అడుగు 1. నేలను ఎంచుకోవడం: ముందు కాగితం, తర్వాత కాళ్లు

అడవిలోకి వెళ్లొద్దు. శేషాచలం కొండలు 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. లోపల శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. అక్కడ అనుమతి లేకుండా ఒక్క పుట్టగొడుగు తెంపినా తప్పే. పైగా సంచీ, కత్తీ పట్టుకుని తెల్లవారుజామున ఎర్రచందనం అడవి అంచున తిరుగుతుంటే మీరు పుట్టగొడుగుల కోసం వచ్చారని టాస్క్‌ఫోర్సు వాళ్లను నమ్మించడం కష్టం. పలమనేరు, కుప్పం వైపు అయితే కౌండిన్య ఏనుగులు. అవి వివరణ కూడా అడగవు.

మనకు కావలసింది ఊరి ఉమ్మడి గడ్డి నేల. కనీసం ఇరవై ముప్పై ఏళ్లుగా దున్నని, ఎరువు చల్లని, పశువులు మేస్తున్న చోటు. మీభూమి పోర్టల్‌లో మీ గ్రామం అడంగల్ తీసి మేత పోరంబోకు, బంజరు, గయ్యాళు అని ఉన్న సర్వే నంబర్లు రాసుకోండి. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కూడా కావాలి. చివరి అడుగులో ఈ నంబర్లే పనికొస్తాయి, ఇప్పుడు బద్ధకించొద్దు. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో ఎప్పుడైనా దున్నారా, గ్రావెల్ తవ్వారా, నీలగిరి నాటారా అన్నది తెలిసిపోతుంది.

నేల మీదికి వెళ్లాక చూడాల్సిన గుర్తులు: గరిక, చీపురు గడ్డి, బోద గడ్డి కలిసి ఉండటం, అక్కడక్కడా తంగేడు పొదలు, ఎండు పేడ, అన్నిటికన్నా ముఖ్యంగా పుట్టలు. ఎకరంలో ఎన్ని పుట్టలున్నాయో లెక్కపెట్టండి. మెత్తగా, తడిగా, కొత్త మన్ను కనబడితే అది బతికున్న పుట్ట. కోతపడి, బొరియలు పెద్దవై, అంచుల్లో గడ్డి మొలిచినది చాలాసార్లు చచ్చిన పుట్ట.

నాగుల చవితికి పాలు పోసే పుట్టకు పసుపు కుంకుమలుంటాయి కాబట్టి జేసీబీ డ్రైవరు కూడా పక్కకు తిప్పుకుంటాడు. పక్కనున్న పదిటికి ఆ రక్షణ లేదు. తిరుమల స్థలపురాణంలో స్వామి ఉన్నది చింతచెట్టు కింది పుట్టలో, ఆకలి తీర్చింది మేతకు వచ్చిన ఆవు. పుట్ట, ఆవు, మేత బయలు మూడూ ఆ కథలో ఒక్కచోటే ఉన్నాయి. ఆ కథ రోజూ వినే ఊళ్లో పుట్టను చదును చేయడం మనకు ఎబ్బెట్టుగా అనిపించకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

అడుగు 2. ఎప్పుడు వెళ్లాలి

మన జిల్లాలకు రెండు వానాకాలాలు. నైరుతి జూన్ నుంచి సెప్టెంబరు వరకు, ఈశాన్యం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. కార్తెల్లో చెప్పాలంటే ఆరుద్రలో మొదలుపెట్టి విశాఖ దాకా. మంచి వాన పడిన మూడో రోజు నుంచి వారం లోపల వెళ్లండి. ఉరుములకే కొక్కులు మొలుస్తాయని పెద్దవాళ్లంటారు. ఉరుము సంగతి ఏమైనా, ఉరుముతో వచ్చే వాన నేలను లోపలిదాకా తడుపుతుంది, పనికొచ్చేది ఆ తడి.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య వెళ్లాలి. పది దాటితే చిన్నవి వాడిపోతాయి, పేడ మీదివి నల్లగా కారిపోతాయి, పెద్దవి ఎవరో ఒకరు కోసుకుపోయి ఉంటారు.

ఎండాకాలంలో కూడా ఒకసారి, ఏప్రిల్‌లో వెళ్లండి. గొడుగులేమీ ఉండవు. గడ్డి పొట్టిగా ఉంటుంది కాబట్టి పుట్టలు, గుంతలు, కాలిన మచ్చలు బాగా కనబడతాయి.

అడుగు 3. సంచి

వెదురు బుట్ట లేదా అట్టపెట్టె, పాత పేపర్లు, చిన్న తాపీ, కత్తి, స్కేలు, పెన్సిలు, చిన్న అద్దం, టిఫిన్ డబ్బాలు. పాలిథిన్ కవరు మాత్రం వద్దు. మొదటి ఏడాది నేను పదకొండు నమూనాలు కవర్లో వేసుకుని బస్సెక్కాను. ఇంటికి వచ్చేసరికి పదకొండూ ఒకే పులుసు.

కాళ్లకు గట్టి బూట్లు, చేతిలో కర్ర. పుట్ట అంటే పాము ఉండేచోటు. మన బీళ్లలో నాగుపాము, రక్తపింజర రెండూ ఉంటాయి. బొరియలో చెయ్యి పెట్టడం, గడ్డి దుబ్బును చేత్తో పక్కకు తీయడం చేయొద్దు. కర్రతో తట్టి, ఆగి, అప్పుడు వంగాలి.

అడుగు 4. నడక

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పుట్టగొడుగు కనబడిన చోటికి పరుగెత్తుతారు, కనబడని చోటును వదిలేస్తారు. అలా చేస్తే వచ్చేది ఫోటోల ఆల్బం, లెక్క కాదు.

నేలలో మూడు గీతలు ఎంచుకోండి. ఒక్కొక్కటి వంద మీటర్లు, అంటే సుమారు నూట నలభై అంగలు. రెండు చివర్లా పెద్ద రాయి గుర్తు పెట్టి ఫోన్లో లొకేషన్ నమోదు చేయండి. గీతకు అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు మాత్రమే చూస్తూ నడవాలి. ప్రతి వారం అవే గీతలు, అదే వేగం. గీత బయట ఎంత అందమైనది కనబడినా దాన్ని వేరే పేజీలో రాయండి. ఒక గీత పుట్టల మధ్య నుంచి, ఒకటి ఖాళీ గడ్డిలోంచి, ఒకటి నేల అంచున చెట్లు నాటిన వైపో, పొలం వైపో పోయేలా చూసుకుంటే మంచిది. ఏడాది చివర ఈ మూడింటి తేడాయే అసలు మాట చెబుతుంది.

ఏమీ కనబడని రోజున "ఏమీ లేదు" అని తేదీతో రాయాలి. నా పుస్తకంలో సగం పేజీలు అవే. అవి లేకపోతే ఉన్న పేజీలకు విలువ లేదు.

అడుగు 5. తీయడం, ఫోటో తీయడం

పైనుంచి తీసిన ఫోటో ఒక్కటే ఉంటే దాన్ని ఎవరూ గుర్తుపట్టలేరు. ఒక్కో రకానికి కనీసం నాలుగు ఫోటోలు కావాలి. మొలిచిన చోటుతో సహా దూరం నుంచి ఒకటి, పక్కనుంచి, టోపీ కింది పలుచటి రేకులు, అంటే మొప్పలు కనబడేలా, నిలువుగా కోసి లోపలిది. పక్కన స్కేలు పెట్టండి. కోసిన చోట రంగు మారుతుందేమో రెండు నిమిషాలు ఆగి చూడండి. వాసన చూసి రాయండి. తడి మట్టి వాసన, పిండి వాసన, ముల్లంగి వాసన, ఏది అనిపిస్తే అది.

తీసేటప్పుడు కాడ పట్టుకుని పీకొద్దు. చుట్టూ తాపీతో మన్ను వదులు చేసి అడుగుదాకా చూడాలి. పుట్టకొక్కు అయితే కాడ భూమిలోకి వేరులాగా సన్నబడుతూ దిగుతుంది. జానెడు ఉండొచ్చు, మూరెడు ఉండొచ్చు, ఇంకా లోతుకూ పోవచ్చు. ఆ వేరు చివర ఉండేది చెదలు పెంచుకునే తోట. ఒడాంటోటెర్మిస్ అనే జాతి చెదలు ఎండు గడ్డి, పుల్లలు, పేడ తిని, సరిగా అరగని ఆ పదార్థంతో లోపల గదుల్లో తేనెపట్టులాంటి దిమ్మె కడతాయి. దాని మీద శిలీంధ్రం పెరిగి, చెద అరిగించుకోలేని గట్టి పదార్థాన్ని మెత్తగా చేస్తుంది. చెదలు దాన్ని తింటాయి. ఈ పొత్తు వయసు సుమారు 3 కోట్ల ఏళ్లు. ఇందులో ఒకటి లేకుండా రెండోది బతకదు. టెర్మిటోమైసెస్‌ను మనిషి ఇంతవరకు వరిగడ్డి మీద ఆయిస్టర్ పుట్టగొడుగు పెంచినట్టు వ్యాపారంగా పెంచలేకపోవడానికి కారణం ఇదే. పుట్టను మనం కట్టలేం.

అందుకే ఆ వేరు ఎంత దూరం పోతే అంత తవ్వొద్దు. ఒకటి రెండు గొడుగులు తీస్తే పుట్టకు ఏమీ కాదు, అది చెట్టుకు కాయ లాంటిదే. దిమ్మెదాకా తవ్వితే మాత్రం చెట్టునే నరికినట్టు. జానెడు లోతున కాడ కోసి, "వేరు ఇంకా కిందికి ఉంది" అని రాసి, మన్ను కప్పేయండి.

అడుగు 6. రాత్రి పని: సిద్ధబీజాల ముద్ర

సిద్ధబీజాలంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి. ఇంటికొచ్చాక ముందు చేయాల్సింది వాటి ముద్ర తీయడమే. ఒక ముదురు గొడుగు తీసుకుని కాడ కోసేయండి. మొప్పలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టండి. కాగితం సగం తెల్లగా, సగం నల్లగా ఉంటే ఏ రంగు ముద్రయినా తెలుస్తుంది. పైన ఒక చుక్క నీళ్లు వేసి గిన్నె బోర్లించండి. పడుకునేముందు పెడితే తెల్లారేసరికి మొప్పల గీతలన్నీ పొడి ముగ్గులా కాగితం మీద పడి ఉంటాయి. మా ఇంట్లో పిల్లలు ఈ ఒక్క పని కోసం పోట్లాడుకుంటారు.

రంగు చెప్పేది చాలా ఉంటుంది. లేత గులాబీ ముద్ర, నేలలోకి దిగిన వేరు, దగ్గర్లో పుట్ట, ఈ మూడూ ఉంటే అది పుట్టకొక్కు జాతి అయ్యే అవకాశం ఎక్కువ. ముద్ర గులాబీయే అయి వేరు లేకపోతే ఎంటొలోమా కావచ్చు. అది గడ్డి నేలల్లో మొలిచే పెద్ద కుటుంబం, విషమున్నవి కూడా అందులో ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద దాని సిద్ధబీజాలు గుండ్రంగా కాక మూలలు తేలి కనబడతాయి. తెల్ల ముద్ర, మైనపు మొప్పలు, చిన్న ఎర్ర టోపీ అయితే ఐరోపా కథలో చెప్పిన వాక్స్‌క్యాప్‌ల చుట్టం కావచ్చు. ఆ రోజు ఫోటోలు నాలుగు కాదు, నలభై తీయండి. చాక్లెట్ గోధుమ రంగైతే అగారికస్, అంటే బజారులో దొరికే బటన్ పుట్టగొడుగు జాతి. నలుపైతే పేడ మీద మొలిచేవాటిలో ఒకటి.

ఇక ఆకుపచ్చ. పచ్చిక మీద, లాన్ల మీద, వలయాలుగా, చెయ్యంత వెడల్పుగా, తెల్లటి టోపీ మీద గోధుమ రంగు పొలుసులతో చూడగానే "అబ్బా, ఎంత పెద్ద కొక్కు!" అనిపించేది ఒకటి ఉంది. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. లేతగా ఉన్నప్పుడు మొప్పలు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే పచ్చబడతాయి. వేడి దేశాల్లో పుట్టగొడుగు విషం కేసుల్లో దీని వాటా పెద్దది. తిన్న గంట నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు. అంతకన్నా ప్రమాదకరమైనవి అమానిటా జాతిలో ఉన్నాయి. అవి ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏ లక్షణమూ చూపించకుండా కాలేయాన్ని పట్టుకుంటాయి. వండేటప్పుడు వెండి స్పూను నల్లబడుతుందనీ, పురుగు తిన్నది మనిషీ తినొచ్చనీ ఊళ్లో చెప్పే పరీక్షలు ఒక్కటీ పనిచేయవు. ఎవరైనా తిని వాంతులు చేసుకుంటే మిగిలిన ముక్కను కవర్లో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఏది తిన్నారో డాక్టరుకు తెలియాలంటే ఆ ముక్కే ఆధారం.

అడుగు 7. మన బీళ్లలో ఎదురయ్యేవి

పుట్టకొక్కుల్లోనూ రకాలున్నాయి. కాడకు మందమైన ఉంగరంతో తెల్లగా, గట్టిగా ఉండే టెర్మిటోమైసెస్ హైమియైని 1979లో మన పక్క తమిళనాడు పరిశోధకుడే ప్రపంచానికి వివరించాడు. దాని పేరులో ఉన్నది ఆ రోజర్ హైమే. గోరంత టోపీలతో వందల్లో ఒకేసారి నేలంతా అన్నం మెతుకులు చల్లినట్టు పరుచుకునేది టెర్మిటోమైసెస్ మైక్రోకార్పస్. దీనికి లోతైన వేరు ఉండదు. చెదలు దిమ్మె తునకలను బయటికి తెచ్చి పడేస్తే వాటి మీద మొలుస్తుంది.

పుట్ట మీద గొడుగు బదులు నల్లటి సన్నటి వేళ్లలాంటివి లేస్తే వాటిని తప్పకుండా రాయండి. అది జైలేరియా. చెదలు బతికున్నంత కాలం దాన్ని తలెత్తనివ్వవు. అది బయటికి వచ్చిందంటే కింద గూడు ఖాళీ అయిందని అర్థం. నేల పరిస్థితి చెప్పడంలో అది పుట్టకొక్కుకు తక్కువేమీ కాదు, తెచ్చే కబురే తిరగబడింది. ఈ ఒక్క గుర్తుతో చచ్చిన పుట్టలను బోర్డు పెట్టినట్టు లెక్కపెట్టొచ్చు.

ఇవి కాక ఎండిన పుట్టల మీద మూసిన గొడుగులా నిలబడే పోడాక్సిస్, తొక్కితే పొగలా ధూళి చిమ్మే బూడిద బంతులు, నేల మీద నక్షత్రంలా విచ్చుకునే జియాస్ట్రమ్ కనబడొచ్చు. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. "పొగ బంతి, నిమ్మకాయంత, నం. 14" అని రాస్తే చాలు. తప్పుడు శాస్త్రీయ నామం రాయడం కన్నా అదే మేలు.

అడుగు 8. ఎండబెట్టి దాచడం

ఫోటో ఒక్కటే సాక్ష్యం కాదు. ఒక్కో రకానికి రెండు మూడు గొడుగులు ముక్కలుగా కోసి గాలి బాగా ఆడే చోట, ఫ్యాను కింద జల్లెడలో ఆరబెట్టండి. వేడి 45 డిగ్రీలు దాటకూడదు. పొయ్యి మీద పెడితే ఉడికిపోతాయి, తర్వాత డీఎన్‌ఏ పరీక్షకు పనికిరావు. అప్పడంలా పెళుసుగా విరిగితే ఆరినట్టు. పేపరు పొట్లం కట్టి, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవర్లో పెట్టండి. ఇప్పుడు మాత్రం పాలిథిన్ పనికొస్తుంది. పొట్లం మీద, నోటు పుస్తకంలో, ఫోటో ఫైలుకు ఒకటే నంబరు ఉండాలి. నంబరు తప్పిన నమూనా చెత్తతో సమానం.

గుర్తింపు కోసం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగం దగ్గర్లోనే ఉంది. శిలీంధ్రాల నమూనాలకు దేశంలో పేరున్న చోట్లలో పుణె అఘార్కర్ సంస్థలోని అజ్రేకర్ హెర్బేరియం ఒకటి. ముందు ఉత్తరం రాసి, వాళ్లు అడిగిన పద్ధతిలోనే పంపండి. ఐనాచురలిస్ట్ యాప్‌లో కూడా పెట్టొచ్చు. పుట్టకొక్కులు మొలిచే చోటైతే లొకేషన్ "అబ్‌స్క్యూర్డ్" అని మార్చి పెట్టండి, లేదంటే మరుసటి ఆదివారం అక్కడ మీకన్నా ముందు గోతాలతో వచ్చినవాళ్లుంటారు.

అడుగు 9. పెద్దవాళ్ల జ్ఞాపకం రాయడం

ఏడాది లెక్క ఏడాదిదే. ముప్పై ఏళ్ల కిందట ఏముందో చెప్పగలిగేది గొర్రెలు కాసినవాళ్లు, కట్టెలకు పోయిన అవ్వలు. వాళ్ల దగ్గర "పుట్టగొడుగులు తగ్గాయా?" అని అడగొద్దు. ఏది అడిగినా "అన్నీ తగ్గాయి నాయనా" అనే అంటారు. ఇలా అడగండి: "అవ్వా, కడసారి కొక్కులు ఇంటికి తెచ్చింది ఎప్పుడు? ఏ పుట్ట దగ్గర? ఎన్ని తట్టలు? పులుసు పెట్టారా, వేపుడా?" వంట గుర్తొస్తే చోటు గుర్తొస్తుంది. పెళ్లో, తుఫానో, ఎన్నికలో పట్టుకుని ఏడాది తేల్చుకోండి. నేనడిగిన ఒక అవ్వ ఏడు పుట్టల పేర్లు చెప్పింది. ఒక్కో పుట్టకూ ఒక్కో పేరు! వెళ్లి చూస్తే రెండు మిగిలాయి.

అడుగు 10. నేలకేమవుతోందో రాయడం

పుట్టగొడుగుల పుస్తకంలోనే ఎడమ పేజీ దీనికి వదలండి. మన వైపు బీడు పోయే దారులు నాలుగైదే. చదును చేసి ప్లాట్లు వేయడం, ఎర్రమన్ను, గ్రావెల్ తవ్వకం, మామిడి తోటకో నీలగిరికో దున్నడం, సర్కారు తుమ్మ కమ్ముకోవడం. దున్నేముందు చెదల మందు, అంటే క్లోరోపైరిఫాస్ పోస్తే పుట్ట కింద తోట మొత్తం పోతుంది. చెద చస్తే శిలీంధ్రమూ బతకదు.

ఐదోది చెప్పడం కష్టం, ఎందుకంటే చేసేవాళ్లు మంచిపనే అనుకుంటారు. మొక్కలు నాటడం. మా దగ్గరి ఒక సంస్థ వాళ్లు వనమహోత్సవం అని మా గీతల్లో ఒకదాని మీద వరసగా గుంతలు తవ్వి, గుంతకింత చెదల మందు చల్లి, మొక్కలు పెట్టి, ఫోటోలు దిగి వెళ్లారు. వేసవికి మొక్కలు ఎండిపోయాయి. గుంతలున్నాయి. ఆ గీతలో తర్వాతి వానాకాలం నా పుస్తకంలో పడింది జైలేరియా ఒక్కటే. చెట్టు లేని నేల చెడిపోయిన నేల అన్నది మన సర్కారు లెక్కల్లోనే పాతుకుపోయిన మాట. దేశపు వేస్ట్‌ల్యాండ్ అట్లాసులో తుప్పలు, గడ్డి ఉన్న నేలలు పెద్ద భాగం. పక్క కడప జిల్లాలో 1986లో మళ్లీ కనబడిన కలివికోడి బతికింది కూడా అలాంటి "పనికిరాని" తుప్పల నేలలోనే. దాని కోసం అభయారణ్యం వచ్చింది, పక్షి కాబట్టి.

రాయాల్సినవి: ఎన్ని పుట్టలు చదునయ్యాయి, ఎన్ని గుంతలు, ఎక్కడ కాలింది, ఎన్ని గొర్రెలు, ఆవులు మేస్తున్నాయి, పక్క పొలం నుంచి యూరియా నీళ్లు ఏ వైపు పారుతున్నాయి. ప్రతి నెలా ఒకే చోట నిలబడి నాలుగు దిక్కులా నాలుగు ఫోటోలు.

అడుగు 11. కాగితం ఎక్కించడం

జీవవైవిధ్య చట్టం, 2002లోని 41వ సెక్షను ప్రకారం ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలా ఊళ్లలో ఆ కమిటీ సభ్యులకే తాము సభ్యులని తెలియదు. పంచాయతీ కార్యదర్శిని రిజిస్టరు చూపించమని మర్యాదగా అడగండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. రిజిస్టరులో మేక, మామిడి, వేప ఉంటాయి. శిలీంధ్రాల పేజీ చేర్చమని మీ లెక్క ప్రతిని సర్వే నంబర్లతో, ఫోటోలతో గ్రామసభలో ఇవ్వండి. తీర్మానంలో రాయించండి. నకలు మీద రసీదు తీసుకోండి.

దీని వల్ల రేపే జేసీబీ ఆగదు. మేత పోరంబోకును ఎవరికో కట్టబెట్టే ఫైలు కదిలినప్పుడు మాత్రం "ఖాళీ బీడు" అని రాసేవాడి ఎదుట మీ కాగితం ఉంటుంది. ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలు తొలగించి గ్రామసభకు అప్పగించే పథకాలు వేయమని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అర్జీలో ఆ తీర్పును ప్రస్తావించండి. నేల మరీ విలువైనదైతే అదే చట్టం 37వ సెక్షను కింద జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించమని రాష్ట్ర జీవవైవిధ్య మండలిని అడగొచ్చు. 2007లో దేశంలో మొదట ఆ గుర్తింపు పొందినది మనకు దగ్గరే, దేవనహళ్లి పక్కన నల్లూరు చింతతోపు. పాత చింతచెట్లకు దొరికిన గుర్తింపు పుట్టలకు ఎందుకు దొరకదు?

అడుగు 12. నేలను చూసుకోవడం

కంచె వేయొద్దు. మేత ఆగితే గడ్డి నిలువెత్తు పెరిగి, ఎండి, వేసవిలో ఒక్క బీడీ ముక్కకు తగలబడుతుంది. సర్కారు తుమ్మ విత్తనానికి కూడా ఎదురుండదు. పుంగనూరు ఆవులాంటి చిన్న పశువు మితంగా మేసే నేల గొడుగుకు మంచిది. మరీ ఎక్కువ మంద దిగితే మాత్రం నేల గట్టిపడి పుట్ట కట్టే చెదకు మేతే మిగలదు. తుమ్మ మొలకలు చిన్నవిగా ఉన్నప్పుడే వేరుతో పెరకాలి. పక్క రైతుతో మాట్లాడి యూరియా నీళ్లు మళ్లించే చిన్న కాలువ వేయించండి. మొక్కలు నాటేవాళ్లు వస్తే వాళ్లతో గొడవ పడకుండా చెరువు కట్ట, బడి ఆవరణ, రోడ్డు పక్క చూపించండి. చాలాసార్లు వాళ్లకు కావలసింది చోటు, ఫోటో.

రెండో ఏడాది అవే గీతలు మళ్లీ నడవాలి. మొదటి ఏడాది వానలు ఎక్కువో తక్కువో అయి ఉండొచ్చు, ఒక్క ఏడాదితో తగ్గింది, పెరిగింది అని తేల్చొద్దు. పుస్తకంలో ఒక్కో పూట ఇలా ఉంటే సరిపోతుంది, మాదిరికి:

"పునర్వసు కార్తె, శనివారం, ఉదయం 6:40. మొన్న రాత్రి గట్టి వాన. గీత 1: కొక్కులు 9, రెండు పుట్టల దగ్గర, వేరు జానెడు దాటింది, నం. 22. గీత 2: పొగ బంతి 1. గీత 3: ఏమీ లేదు. మేస్తున్నవి: గొర్రెలు 60 దాకా, ఆవులు 4. తూర్పు అంచున కొత్తగా సున్నం గీసి ఉంది, ఎవరు గీశారో కనుక్కోవాలి."